సీజరు వధ: చరిత్రయు నాటకమును

చరిత్రయందలి కార్యములు రెండు తెఱఁగులుగా నుండును. కొన్ని జరిగిన దినముతోనే ముగియును. వాని ఫలములు మాత్రము నిలుచును. మఱికొన్ని తమ ఫలములు నశించిన పిమ్మటఁ గూడ ముగియక, ప్రతియుగమునందును మరల విచారణకు వచ్చుచుండును. క్రీ. పూ. 44వ సంవత్సరము మార్చి 15వ దినమున రోమునగరమున జరిగిన జూలియసు సీజరు వధ యీ రెండవ తెగకుఁ జేరినది. చంపినవారు కోరిన ఫలము మూఁడేండ్లైనను నిలువలేదు. వారు కాపాడఁదలఁచిన ప్రజాపాలనము మరల తలయెత్తలేదు. అయినను వారు చేసినది ధర్మమా, ద్రోహమా యను ప్రశ్న రెండువేల యేండ్లు గడచినను దీఱలేదు.

ఈ ప్రశ్న తీఱకుండుటకు సాక్ష్యము కొఱవడుట కారణము కాదు. మూలగ్రంథములే దానిని రెండు ముఖములతో లోకమునకు నొసఁగినవి. పిమ్మటివారు తమ తమ యవసరములనుబట్టి యొక్కొక్క ముఖమును గ్రహించి తీర్పులు చెప్పిరి. ఆ రెండు ముఖములను విడఁదీయక నిలిపిన కవి షేక్స్పియరు. సీజరు నేఁటికిని రంగస్థలమునందును రాజకీయములందును బ్రదికియుండుటకు నీ ద్విముఖత్వమే కారణమని చూపుటయు, అందు నొక్క ముఖమునే పట్టుకొనినచోఁ గలుగు ననర్థమును వివరించుటయు నీ వ్యాసమున కుద్దేశము.

మొదట మూలగ్రంథములు చెప్పునది యేమో చూడవలెను. ఆ దినమున సెనేటుసభ కూడినది కాపిటలు కొండమీఁద కాదు. పాంపే యను సేనాపతి కట్టించిన నాటకశాల కనుబంధముగా నొక సభామందిర ముండెను. సభ యందుఁ గూడెను. సీజరుచేత నోడి ఈజిప్టుతీరమున హతుఁడైన యా పాంపేయొక్క విగ్రహము గూడ నా మందిరముననే యుండెను. దాని పాదములకడనే సీజరు కూలెనని ప్లూటార్కు చెప్పుచున్నాఁడు. నాటకశాల చెంత జరిగిన వధ తుదకు లోకమునందలి నాటకశాలలన్నిటికిని సొత్తగుట వింతయే. 1920ల త్రవ్వకములలో రోమునందలి లార్గో అర్జెంటీనా యను చోట నాలుగు దేవాలయముల శిథిలములు బయలుపడినవి. వానివెనుక నున్న పెద్ద పునాదిరాళ్ల కట్టడమును బండితు లా సభామందిర భాగముగా గుర్తించిరి. 2023వ సంవత్సరమునుండి జనులకు నా శిథిలముల నడుమ నడచి చూచుటకు వీలు గలిగినది.

వధను వర్ణించిన గ్రంథకర్తలు కొన్ని విషయములం దేకీభవింపరు. గాయములు 23 అని స్యుటోనియసును ప్లూటార్కును జెప్పిరి. వారికంటెఁ బూర్వుఁడగు దమాస్కసు నికొలాసు 35 అని చెప్పెను. కుట్రలోఁ జేరినవా రఱువదిమందికి మించిరని స్యుటోనియసు మాట. ఆంటిస్టియసు అను వైద్యుఁడు శవమును బరీక్షించి, అన్ని గాయములలో ఱొమ్మునఁ దగిలిన రెండవది యొక్కటియే ప్రాణము దీసినదని తేల్చెనని యతఁడే వ్రాసెను. తుదిమాటలఁ గూర్చిన విచార మింతకంటెను ముఖ్యమైనది. మొదటిపోటునకు మూలిగెనేకాని సీజరు మఱేమియుఁ బలుకలేదని స్యుటోనియసు స్పష్టముగాఁ జెప్పి, బ్రూటసును జూచి గ్రీకుభాషలో "నీవు గూడనా, బిడ్డా" యని యర్థమిచ్చు మాట పలికెనని కొంద ఱందురని చేర్చెను. బ్రూటసు చేతఁ గత్తిని జూచి సీజరు పెనఁగులాట మాని వస్త్రముతో ముఖమును గప్పికొనెనని మాత్రమే ప్లూటార్కు వ్రాసెను. లోకమంతయు సీజరు తుదిపలుకుగా నెఱిఁగిన మూఁడుమాటల లాటిను వాక్యము ప్రాచీనగ్రంథములం దెందును లేదు. అది షేక్స్పియరు నాఁటి ఆంగ్లరంగముయొక్క సృష్టి. ఒక రోమను వీరుని మరణమునుండి లోకము మిక్కిలిగా జ్ఞప్తియందుంచుకొనిన మాట రోమునకుఁ జెందినది కాకపోవుట యిచట మొదట గమనింపఁదగిన విషయము.

ద్విముఖత్వమునకు మూలపురుషుఁడు ప్లూటార్కు. అతఁడు గ్రీసుదేశమునందలి కైరొనియా పురవాసి. వధ జరిగిన సుమారు నూటయేఁబది యేండ్లకు గ్రంథము వ్రాసెను. గ్రీకు వీరునొకనిని, రోమను వీరునొకనిని జంటగా నిలిపి జీవితములను వ్రాయుట యతని పద్ధతి. కావున సీజరు జీవితమును అలెగ్జాండరునకు జంటగాను, బ్రూటసు జీవితమును డియోను అను గ్రీకువానికి జంటగాను రచించెను. ఒక్క వధయే యా రెండు గ్రంథములందును వచ్చును. సీజరు కథలో, జీవితకాలమున నతనికిఁ దోడుగానున్న దైవశక్తి మరణానంతరము గూడ విడువక చంపినవారి నొక్కొక్కనిగా వేఁటాడి తీర్చును. బ్రూటసు కథలో నదే కార్యము స్వార్థరహితుఁడైన యొక సజ్జనుని కర్తవ్యముగాఁ గానవచ్చును. ఒక గ్రంథకర్తయే రెండు తూఁపులను బట్టుకొని రెండువైపులను దూఁచెను. తీర్పు మాత్రము పాఠకునికి విడిచెను.

అయినను ప్లూటార్కు చెప్పని విషయమొకటి సిసెరో లేఖలలో నున్నది. క్రీ. పూ. 51వ సంవత్సరమున సిలీషియా మండలమునకు సిసెరో పాలకుఁడై వెళ్లెను. సైప్రసు ద్వీపమునందలి సాలమిసు పట్టణమువారు వడ్డీవ్యాపారులకు ఋణపడియుండిరి. ఆ ఋణముపై వడ్డీ నూటికి నలువదియెనిమిది. సిసెరో తన మండలమున నూటికిఁ బండ్రెండు మించరాదని శాసించియుండెను. ఆ ఋణమును రాఁబట్టుటకై వ్యాపారుల ప్రతినిధి గుఱ్ఱపుదండును దెచ్చి పట్టణసభ్యులను సభామందిరమున నిర్బంధింపఁగా నైదుగురు తిండిలేక మరణించిరి. తుదకు నా ధనము బ్రూటసుదే యని సిసెరోకుఁ దెలిసి యాశ్చర్యపడెను. షేక్స్పియరు నాటకమున బ్రూటసు, నీచమార్గములచే ధనము కూర్చుట తనకుఁ జేతఁగాదని కాసియసును మందలించును. ఆ ఘట్టమును జదువువారు సాలమిసు వృత్తాంతమును జ్ఞప్తికిఁ దెచ్చుకొనినచోఁ జరిత్రకును గావ్యమునకును గల దూర మెంతయో స్పష్టమగును. ఇది కవి దోషము కాదు. అతనికి లభించిన ప్లూటార్కునం దా వృత్తాంతమే లేదు.

ఇఁక బ్రూటసు స్వయముగా విడిచిన సాక్ష్య మొకటి గలదు. అది నాణెము. సీజరు తన జీవితకాలముననే తన ముఖమును రోము నాణెములపై ముద్రింప ననుమతించెను. బ్రదికియున్న రోమనుని ముఖమట్లు రోమున ముద్రింపఁబడుట యదియే మొదలు. అది రాజలక్షణమని యెల్లరును గలఁతపడిరి. సీజరును జంపిన పిమ్మట బ్రూటసు తూర్పుదేశములందు సైన్యమునకు జీతమిచ్చుటకై నాణెములు వేయించెను. వానిలో నొకదానిపై రెండు కత్తులును, వాని నడుమ దాస్యవిముక్తులు ధరించు టోపియు, క్రింద మార్చి 15వ దినమును దెలుపు నక్షరములును గలవు. రెండవవైపున నున్నది బ్రూటసు ముఖమే. స్వేచ్ఛను బ్రకటింప నుద్దేశించిన నాణెముపైన నతఁడు సీజరు చేసినదానినే చేసెను. ఆ నాణెములలో బంగారముది యొకటి 2020వ సంవత్సరమున లండను వేలమునందు 32 లక్షల పౌండ్లకుఁ బైగా నమ్ముడుపోయెను. అది యక్రమముగా దేశాంతరము చేర్పఁబడినదని తేలుటచే 2023వ సంవత్సరమున గ్రీసు దేశమునకు మరల నొప్పగింపఁబడెను. వధ ముగిసినను వధముద్రకు వెల తఱుగలేదు.

కార్యఫలమును గూర్చి వివాదము లేదు. కుట్రదారులు సీజరు నెట్లు చంపవలెనో యాలోచించిరి కాని, మఱునాఁడు రాజ్యము నెట్లు నడుపవలెనో యాలోచింపలేదు. సైన్యము, ధనాగారము, సీజరు పత్రములు ఆంటొనీ వశమయ్యెను. వారి ధైర్యము పురుషులదియు, నాలోచన బాలురదియు నని సిసెరో తన మిత్రునకు వ్రాసిన లేఖలో నాక్షేపించెను. క్రీ. పూ. 43వ సంవత్సరాంతమున సిసెరోయే తల నఱకఁబడెను. క్రీ. పూ. 42వ సంవత్సరమున ఫిలిప్పీ యుద్ధమున నోడి కాసియసును బ్రూటసును ఆత్మహత్య చేసికొనిరి. క్రీ. పూ. 27వ సంవత్సరమున సీజరు దత్తపుత్రుఁడు అగస్టసు అను బిరుదముతో నేకచ్ఛత్రాధిపతి యయ్యెను. ఒక మనుష్యుని జంపుటచే నతని పదవి నశించునని వారు భ్రమించిరి. ఆ పదవి నావశ్యకము చేసిన కారణములు, అనఁగా సేనాపతులను మాత్రమే యెఱిఁగిన సైన్యములు, చెడిన యెన్నికలు, మండలముల దోపిడి, అట్లే నిలిచియుండెను.

ఇట్టి కార్యమునకు మధ్యయుగముననే యొక కఠినమైన తీర్పు వెలువడినది. 14వ శతాబ్ది యారంభమున ఇటలీ మహాకవి డాంటె తన నరకవర్ణనయందు నన్నిటికంటె నడుగున నున్న స్థానమును ద్రోహులకుఁ గేటాయించెను. అచట సైతానుయొక్క మూఁడు నోళ్లయందును ముగ్గురు నలుగుచుందురు. ఒకఁడు క్రీస్తు నమ్మిన జూడాసు. తక్కిన యిరువురు బ్రూటసును కాసియసును. రోముసామ్రాజ్యము దైవసంకల్పమని నమ్మిన డాంటెకు సీజరును జంపుట దైవమునకే ద్రోహము. రెండువందలయేండ్లు గడచినంతనే డాంటె పుట్టిన ఫ్లారెన్సునగరముననే యీ తీర్పు తలక్రిందయ్యెను. 1537వ సంవత్సరమున లొరెంజీనో మెడిచి తన బంధువును, నగరప్రభువును నగు అలెస్సాండ్రోను జంపి, తన ముఖ మొకవైపునను, రెండు కత్తులును టోపియు రెండవవైపునను గల పతకమును బోఁతపోయించెను. అది బ్రూటసు నాణెమున కనుకరణము. ఆ పిమ్మట మైకెలాంజెలో బ్రూటసు శిరోవిగ్రహమును జెక్కనారంభించి ముగింపక విడిచెను. అది నేఁడు ఫ్లారెన్సునందలి బార్జెల్లో ప్రదర్శనశాలలో నున్నది. శిల్పి చెక్కుచుండఁగా బ్రూటసు చేసిన పాపము తలఁపునకు వచ్చి పని మానెనని పిమ్మటివారు దాని క్రింద లాటినున వ్రాయించిరి. స్వాతంత్ర్యవీరునిగాఁ జెక్కఁబడిన రాతికే పాపియను వ్యాఖ్య యతుకఁబడినది. లొరెంజీనో కోరిన ప్రజాపాలనము రాలేదు. మఱియొక మెడిచి ప్రభువయ్యెను. 1548వ సంవత్సరమున లొరెంజీనోయు వెనిసునందు హతుఁడయ్యెను. అతఁడు రోముకథనుండి కత్తులను గ్రహించెను, ఫిలిప్పీని గ్రహింపలేదు.

ఈ రెండు తీర్పుల పిమ్మట షేక్స్పియరు వచ్చెను. ప్లూటార్కు గ్రంథమును అమియో 1559వ సంవత్సరమున ఫ్రెంచిలోనికిని, దానిని బట్టి నార్తు 1579వ సంవత్సరమున ఆంగ్లములోనికిని దెచ్చిరి. నార్తు గ్రంథమునుండి పుట్టిన నాటకమును 1599వ సంవత్సరము సెప్టెంబరు నెలలో లండనునందుఁ జూచితినని స్విట్జర్లాండు యాత్రికుఁడగు థామసు ప్లాటరు వ్రాసికొనెను. కవి మూలమును జాల వఱకు ననుసరించెను. మార్చినచో నేల మార్చెనో చూచుటయే విమర్శకుని పని.

సభాస్థలమును గాపిటలునకు మార్చుట, నెలల దూరముననున్న యుత్సవములను నొక్క దినమునకుఁ జేర్చుట రంగసౌకర్యమునకై చేసినవి. మూఁడు మార్పులు మాత్రము ప్రయోజనము గలవి. మొదటిది సీజరు దౌర్బల్యము. ప్లూటార్కు చెప్పిన మూర్ఛరోగమునకుఁ దోడుగాఁ గవి యొకచెవి వినఁబడమిని జేర్చెను. ఇట్టి దుర్బలదేహుఁడే తన్ను ధ్రువనక్షత్రముతోఁ బోల్చికొనును. భయపడవలసినది యా దేహమునకుఁ గాదు, పేరునకే యని ప్రేక్షకునకుఁ దోఁచును. రెండవది శ్మశానప్రసంగములు. బ్రూటసు గద్యమునఁ దర్కించును, ఆంటొనీ పద్యమున హృదయములను గదల్చును. ఆంటొనీ రక్తసిక్తవస్త్రమును జూపెనని ప్లూటార్కు చెప్పెను. ఆ ప్రసంగవాక్యములు మాత్రము కవి సొంతము. ప్రజ లొక్క గడియలో బ్రూటసును బొగడి, మఱుగడియలో నతని యింటిని దగులఁబెట్టఁ బరుగెత్తుదురు. బ్రూటసు విడిపింప నుద్దేశించిన ప్రజ యెట్టిదో ప్రేక్షకునకుఁ దెలియును. బ్రూటసును సీజరుగాఁ జేయుదమని యొకఁ డఱచుట యీ ఘట్టమున మర్మస్థానము. నాణెముమీఁది ముఖమును గవి యెఱుఁగకపోయినను దాని యర్థమును గ్రహించెను. మూఁడవది ప్రేతము. ఫిలిప్పీకి ముందు బ్రూటసునకుఁ గానవచ్చినది ప్లూటార్కునందుఁ బేరులేని దుష్టశక్తి మాత్రమే. షేక్స్పియరు దానిని సీజరు ప్రేతముగాఁ జేసెను. బ్రదికియున్న సీజరు కంటెఁ జచ్చిన సీజరు బలవంతుఁడను చారిత్రకసత్యమునకు రంగమున నంతకంటె స్పష్టమగు రూపము లేదు.

నాటకమునకుఁ బేరైనవాఁడు మూఁడవ యంకముననే మరణించుట దోషమని కొందఱు విమర్శకు లాక్షేపించిరి. భారతీయ లాక్షణికులును, దశరూపకకర్త మొదలుకొని, ప్రధాననాయకుని వధను జూపరాదనిరి. ఈ లక్షణమునుబట్టి చూచినచో నాటకము ద్వివిధముగా దోషయుక్తమనవలసివచ్చును. కాని యిచట నాయకుఁ డెవఁడని యడిగినచో సమాధానము సులభము కాదు. సీజరందమా, కథలో సగమున లేఁడు. బ్రూటసందమా, నాటకమునకుఁ బేరతనిది కాదు. సీజరు మరణముతోఁ గథ ముగిసినచో నాటకము బ్రూటసునకుఁ బొగడ్త యగును. ప్రతీకారముతో మొదలైనచో సీజరునకుఁ బొగడ్త యగును. వధను నడుమ నుంచుటచే కారణమును ఫలమును సమానమైన తూనికతోఁ బ్రేక్షకునియెదుట నిలిచినవి. దోషమనఁబడినదే నాటకమునకుఁ బ్రాణము.

కారణమును మాత్రమే చదివి ఫలమును విడిచినవాని యుదాహరణ మమెరికాలోఁ గలదు. జాను విల్క్సు బూతు నటకుటుంబమువాఁడు. అతని తండ్రి పేరే జూనియసు బ్రూటసు. 1864వ సంవత్సరము నవంబరు 25వ దినమున న్యూయార్కున ముగ్గురు బూతు సోదరులును గలిసి యీ నాటకమునే యాడిరి. ఎడ్విను బ్రూటసుగాను, తండ్రి పేరు దాల్చిన జూనియసు కాసియసుగాను, జాను ఆంటొనీగాను నటించిరి. దానివలన వచ్చిన ధనము షేక్స్పియరు విగ్రహస్థాపనకుఁ జేరెను. ఐదు నెలలు గడవకముందే, 1865వ సంవత్సరము ఏప్రిలు 14వ దినమున, జాను వాషింగ్టను నాటకశాలలో లింకను అధ్యక్షుని గాల్చి, రంగమునకు దుమికి, దుష్టప్రభువుల కిదియే గతి యను నర్థముగల వర్జీనియా రాష్ట్రముయొక్క లాటిను ముద్రావాక్యము నఱచెను. తప్పించుకొని తిరుగుచు, బ్రూటసు దేనికై గౌరవింపఁబడెనో దానికే తాను వేఁటాడఁబడుచుంటినని దినచర్యలో వాపోయెను. బ్రూటసు గూడ నట్లే వేఁటాడఁబడెనని యా నటుఁడు మఱచెను. ఆ నాటకమున నతఁడు ధరించిన పాత్ర బ్రూటసుది కాదు, బ్రూటసును వేఁటాడిన యాంటొనీదే. రంగమున నాంటొనీగా నిలిచియు నతఁడు నాటకమున సగమే చదివినవాఁడు.

రెండవ యర్ధమును బయటికిఁ దెచ్చిన ప్రయోగము ఆర్సను వెల్సుది. ఆ కాలమున ఇటలీ నియంత ముసోలినీ తన్ను సీజరునకు వారసునిగాఁ బ్రకటించుకొనుచు, 1932వ సంవత్సరమునఁ బ్రాచీనాంగణముల మీఁదుగా విశాలమైన రాజమార్గమును దెఱపించి, దాని ప్రక్కన సీజరు విగ్రహమును నిలిపించెను. 1937వ సంవత్సరము నవంబరు నెలలో వెల్సు న్యూయార్కున నీ నాటకమును ఫాసిస్టు సైనికుల దుస్తులతో, దృశ్యాలంకారములు లేని రంగమునఁ బ్రదర్శించెను. అతఁడే బ్రూటసుగా నటించెను. ఆ ప్రదర్శనమునఁ బ్రేక్షకులను గలఁచినది సీజరు వధకంటె సిన్నా కవి వధ. కుట్రదారుఁడగు వేఱొక సిన్నా యని పొరపడి మూఁక యా కవిని జంపుట ప్లూటార్కునందుఁ గలదు. షేక్స్పియరు దానిని జిన్న దృశ్యముగాఁ జేసెను. దానిని దఱచుగా విడిచిపెట్టుట నాటకసమాజముల వాడుక. సీజరును జంపినంతమాత్రమున సీజరును గోరు మూఁక నశింపదని వెల్సు చూపెను. 2017వ సంవత్సరమున న్యూయార్కునందే సీజరును నాఁటి యమెరికా అధ్యక్షునివలె నలంకరించి ప్రదర్శింపఁగా గొప్ప యలజడి పుట్టెను; పోషకులలో నిరువురు ధనసహాయమును మానిరి. వధను జూచి కోపించినవారు తరువాతి రెండంకములను లెక్కింపలేదు. నాటకమును సగమునఁ జదువుట ఘాతకులకు మాత్రమే కలిగిన దోషము కాదు.

సీజరు పేరు బిరుదమై భూమండలమునఁ బ్రాకుటయుఁ జెప్పఁదగినది. జర్మనుల కైజరును, రష్యనుల జారును ఆ పేరుయొక్క వికారములే; మొదటిది 1918వ సంవత్సరమునను, రెండవది 1917వ సంవత్సరమునను సింహాసనములనుండి దిగినవి. ఆ బిరుదము భారతదేశమునకును వచ్చినది. 1876వ సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటు విక్టోరియా రాణికి సామ్రాజ్ఞీ బిరుదము నొసఁగుటకు శాసనము చేసెను. 1877వ సంవత్సరము జనవరి 1వ దినమున ఢిల్లీ దర్బారునఁ "గైసరెహింద్" అను పేరు ప్రకటింపఁబడెను. 1948వ సంవత్సరము జూనులో నాంగ్లరాజు భారతచక్రవర్తి బిరుదమును విడుచువఱకు నది నిలిచెను. 1870ల దశకముననే వావిలాల వాసుదేవశాస్త్రిగా రీ నాటకమును "సీజరు చరిత్రము" అను పేరఁ దెనిఁగించిరి. తెలుఁగున షేక్స్పియరు ప్రవేశించినది సీజరు వధతోనే. ఒకవైపున సీజరు పేరుతో ప్రభువు, మఱియొకవైపున నా ప్రభువుల పాఠశాలలే నేర్పిన సీజరు వధ. పాలకులు సాహిత్యమని నేర్పినదానిలో నే ముఖమును జూడవలెనో నిర్ణయించు నధికారము మాత్రము వారి చేతఁ జిక్కలేదు. వలసరాజ్యములం దీ నాటకము పొందిన యాదరమునకు మూలము గొంత యిచటనే యున్నది. 1963వ సంవత్సరమున దీనిని స్వాహిలీ భాషలోనికిఁ దెచ్చిన జూలియసు నైరేరే, నూతనముగా స్వాతంత్ర్యము పొందిన టాంగన్యీకాకు నప్పటి యధ్యక్షుఁడే.

అయినను బంధితుఁడైన స్వాతంత్ర్యవీరునకు బ్రూటసే నచ్చవలెనను నియమము లేదు. దక్షిణాఫ్రికాలోని రాబెను ద్వీపపుఁజెఱయందు సన్నీ వెంకటరత్నము అను రాజకీయఖైదీ షేక్స్పియరు సంపుటము నొకదానిని దీపావళి శుభాకాంక్షల చిత్రములతోఁ గప్పి, మతగ్రంథమని చెప్పి కాపాడుకొనెను. తోడిఖైదీలు తమకు నచ్చిన భాగములకడ సంతకములు చేసిరి. నెల్సను మండేలా 1977వ సంవత్సరము డిసెంబరు 16వ దినమున సంతకము చేసిన చోటు ఈ నాటకములోనిదే. కాని యది కుట్రదారుల మాట కాదు. కీడు శంకించి సభకుఁ బోవలదని భార్య వేఁడఁగా, పిఱికివాఁడు చావునకు ముందే పలుమాఱు చచ్చునని సీజరు చెప్పు నుత్తరము. దుష్టప్రభుత్వముతోఁ బోరాడి చెఱపాలైన వీరుఁడు తనకు ధైర్యమును నియంతనోటి మాటలలోఁ గనుఁగొనెను. కవి సీజరును గేవలము దుష్టునిగాఁ జిత్రించియున్నచో నా సంతకమున కచటఁ జోటుండెడిది కాదు.

ఈ పరంపరయంతయుఁ జూచినచో నొక నిశ్చయమునకు రావచ్చును. ఆధునికలోకమున నిలిచియున్న సీజరు చరిత్రలోని సీజరు కాఁడు. తుదిపలుకు మొదలు ప్రేతము వఱకు నతనియందుఁ గవికల్పితమే యెక్కువ. అట్లని యా కల్పితము చరిత్రకు ద్రోహము చేయలేదు. వధ జరిగిననాఁటి సందేహమును, ఫలితము చూచిన పిమ్మటి పశ్చాత్తాపమును విడఁదీయక యుంచుటచే నది చరిత్రసారమును గాపాడినది. డాంటె యొక తీర్పును, లొరెంజీనో దానికి విరుద్ధమైన తీర్పును జెప్పిరి. రెండును గాలమునకు లోఁబడినవి. బూతు నాటకమును శాసనముగాఁ జదివి హంతకుఁ డయ్యెను. ప్రఖ్యాతేతివృత్తమును గైకొను కవి వీరునికి నాయకత్వమిచ్చుటతోఁ దృప్తిపడక, వీరుని కార్యమువలనఁ గలిగిన ఫలమును గూడ రంగమున నిలుపవలెను. పాఠకుఁడును మూఁడవ యంకమున లేచిపోక తుదివఱకుఁ గూర్చుండవలెను. మార్చి 15వ దినమున నెత్తిన కత్తులను జూచినవారికి ఫిలిప్పీ మైదానము గూడఁ గానవచ్చినప్పుడే యీ రోముకథ వారికిఁ దెలిసినదని చెప్పవచ్చును.